సాక్షుల జాబితా

"అమ్మాయ్, పదకొండో పేజీలో తప్పు రాశావు."

పరిశోధకురాలు తలెత్తింది.

పక్క కుర్చీలో ముసలాయన. చంకలో పాత ఫైలు, చేతిలో ఆమె నివేదిక.

"ఏం తప్పండీ?"

"ఈ రూలు జనం ఆరోగ్యం కోసం పెట్టారని రాశావు. అందుక్కాదు."

ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. శాసనసభ కమిటీ గదిలోంచి పిలుపు ఏ క్షణాన్నయినా రావచ్చు.

పార్లరులో కత్తెర పట్టాలంటే రెండేళ్ల శిక్షణ, లైసెన్సు ఉండి తీరాలన్నది ఆ రూలు. ప్రభుత్వం ఎంత తక్కువగా తలదూరిస్తే అంత మేలని నమ్మే ఓ సంప్రదాయవాద సంస్థ తరఫున, దాన్ని ఎత్తేయించాలని ఆమె కాలికి బలపం కట్టుకుని తిరుగుతోంది.

పురపాలక సంఘం, "మా చేతుల్లో లేదు, పైకెళ్లండి" అంది.

కేంద్రంలో, "ఇది రాష్ట్రం పని, కిందికెళ్లండి" అన్నారు.

మూడేళ్లు అలా బంతాడించాక, చివరికి ఈ శాసనసభ వరండాలో పడింది.

సంస్థకది సిద్ధాంతం. ఆమెకు మాత్రం సొంత గొడవ. ఇరవై ఏళ్లు ముందుగదిలో జుట్టు కత్తిరించి తనను చదివించిన అమ్మ పార్లరుకు, లైసెన్సు లేదని తాళం వేసి వెళ్లారు.

"లోపల నాకో ఐదు నిమిషాలు ఇప్పించమ్మా. చెప్పాల్సింది ఉంది."

"మా తరఫు సాక్షుల జాబితా నిండిపోయింది, తాతగారూ."

"మొన్నా అదే అన్నావు. నిన్నా అదే."

నిజమే. విచారణ మొదలైన మూడు రోజుల నుంచీ ఈయన వదలడం లేదు. ఈ రూలు పోతే గిరాకీ పోయే శిక్షణ స్కూళ్లవాళ్లు పంపిన మనిషేమో! లోపలికొచ్చి ఏ పుల్లో పెట్టాడంటే ఇన్నాళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

"ఇంతకీ మీరెవరి తరఫు?"

"నా తరఫే."

"అందరూ అలాగే అంటారు." అటెండరు వైపు తిరిగింది. "ఈయన మా సాక్షి కాదు, లోపలికి రానివ్వకండి."

ముసలాయన ఫైలు సర్దుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

లోపల ఆమె తడబడకుండా చెప్పింది. సభ్యులు తలలూపారు.

అధ్యక్షురాలు కళ్లద్దాలు తీసింది.

"బాగానే ఉంది. అసలీ రూలు ఎందుకు పెట్టారు?"

"ఆరోగ్యం కోసమండీ."

"ఆధారం?"

ఆమె పేజీలు తిప్పింది. మళ్లీ తిప్పింది.

"పాతదాన్ని పీకేముందు అదెందుకు పెట్టారో తెలుసుకోవాలని ఊరూరా చెప్పేది మీ సంస్థే కదమ్మా?"

ఎవరో కిసుక్కున నవ్వారు.

"తెలిసినవాళ్లుంటే ఇప్పుడే చెప్పించండి. ఈ సమావేశాల్లోనే బిల్లు పెడతాం."

ఆమె తన సాక్షుల వైపు చూసింది. ఆచార్యుడు పైకప్పు చూశాడు. ఆర్థికవేత్త పెన్ను చూసుకున్నాడు.

"అయితే ఇప్పుడు బిల్లు లేదు. ఈ కమిటీ ఇలాంటి రూళ్లను మళ్లీ తీసేది రెండేళ్లకే, అప్పుడు చూద్దాం."

బయటికొచ్చేసరికి ఫోను మోగింది.

"ఏమైందే? తాళం తీస్తారా?"

"మళ్లీ చేస్తానమ్మా."

ఆమె ముఖం చూసి అటెండరు దగ్గరికొచ్చాడు. "ఏం జరిగిందమ్మా?"

"ఈ రూలు ఎందుకు పెట్టారో చెప్పేవాళ్లు ఒక్కరంటే ఒక్కరు లేకపోయారు."

అటెండరు తెల్లబోయాడు.

"అదేంటమ్మా, తెలిసే పొమ్మన్నారనుకున్నా... అప్పట్లో ఇక్కడే ఆఫీసరుగా ఉండి ఈ రూలు రాసింది ఆ పెద్దాయనే, పెద్ద పార్లర్లవాళ్లు తనతో అలా రాయించుకున్నారని కమిటీ ముందు ఒప్పుకుందామనే మూడు రోజులుగా తిరిగాడు!"