తిరుగు టపా

క్షమాపణ ఉత్తరం గోడకు కొట్టిన బంతిలా తిరిగొచ్చింది.

“మీ ఇంటి ఉత్తరాలు మేం పుచ్చుకోం” అంది, అక్క ఈమెయిలు ఖాతా ఉన్న పెద్ద కంపెనీ. తమ్ముడికి అరికాలి మంట నెత్తికెక్కింది. కాసేపు మీటలు టకటకలాడించి కసి తీర్చుకున్నాడు. ఆపైన తల పట్టుకు కూర్చున్నాడు.

తమ్ముడి ఈమెయిళ్లు మోసేదానికి మెయిల్ సర్వరని పేరు గానీ, అది అతని మంచం కింద గురకపెట్టే పాత కంప్యూటరు. అక్క దాన్ని “డబ్బా” అంది. ఇతను నోరు జారాడు.

“ఇక నీ గొంతు వినను. నోటితో అన్నావు, రాసి క్షమాపణ చెప్పు. ఆ డబ్బాలోంచే పంపు, చూస్తా!” అని అక్క ఫోను పెట్టేసింది. ఇప్పుడామెకు త్వరలో గుండె ఆపరేషనని కబురొచ్చింది.

“ఊరందరిలా ఉచిత ఖాతా తెరవకూడదూ?” అంది భార్య.

“సొంతిల్లుండగా సత్రంలో పడుకోమంటావా?”

ఆరా తీస్తే, తన ఇంటర్నెట్ నంబరు ఇదివరకు ఎవడో చెత్త ఉత్తరాల మొనగాడిదట. పాత అద్దెవాడి కోసం వచ్చిన పోలీసులు కొత్తవాణ్ని కుమ్మినట్టుంది వ్యవహారం. నంబరు మార్పించుకున్నాడు. ఇది దొంగ ఉత్తరం కాదు మొర్రో అని చాటే ముద్ర తగిలించాడు. కంపెనీకి అర్జీల మీద అర్జీలు పెట్టాడు. అక్కడ మనిషన్నవాడు పలికితేగా!

ఎట్టకేలకు ఉత్తరం లోపలికెళ్లింది. “తప్పయిందక్కా. రమ్మంటే ఉన్నపళంగా వస్తా.”

జవాబు లేదు.

చెత్తబుట్టలో పడిందేమోనని మళ్లీ రాశాడు. మళ్లీ రాశాడు. తిండి సయించలేదు. కళ్లు కాయలు కాచాయి.

“పోయి తలుపు కొట్టండి,” అంది భార్య.

“రమ్మనకుండా ఏ మొహం పెట్టుకుని పోను? అక్క మనసు రాయైపోయిందే!”

ఫోను మోగింది. బావ.

“మీ అక్కను ఇప్పుడే ఆపరేషను గదిలోకి తీసుకెళ్లార్రా. తలుపువైపే చూస్తూ వెళ్లింది. నీ ఉత్తరాలన్నీ అందాయి. అందిన ప్రతిసారీ ‘వచ్చెయ్ రా తమ్ముడూ’ అని రాసింది. నన్ను ఫోను చెయ్యనివ్వలేదు, అంతా రాతలోనే తేలాలంది. రాకపోతే రాకపోయావు, అంత మాటనాలా?”

“నేనేమన్నాను బావా?”

బావ అక్క ఫోనుకొచ్చిన జవాబు చదివి వినిపించాడు. “మీ ఇంటి ఉత్తరాలు మేం పుచ్చుకోం.”

ఆ మొదటి రోజు ఉక్రోషంలో, ఆ కంపెనీ వైపు నుంచి ఏ ఉత్తరమొచ్చినా సరిగ్గా అదే మాట అప్పజెప్పి వెనక్కి తరమమని తన డబ్బాకు నేర్పింది తమ్ముడే.