చీకటి పడని సోమవారం

కరెంటు మిగులుతుందని, రాత్రిళ్లు కూడా కాస్త ఎండ వెలుగు పడేలా ఆకాశంలో అద్దాలు నిలిపాక మా ఊళ్లో చుక్కలు కనబడడం మానేశాయి. అందుకే కార్తీక సోమవారం ఉపవాసానికి, చీకటి పడగానే దానంతటదే వెలిగే గేటు లైటునే చుక్కగా ఒప్పుకున్నారు మా అత్తగారు. నిన్న మా వీధి మీదకు ఇంకో అద్దం తిప్పారు. ఇవాళ లైటు వెలగలేదు. ఆవిడ మెతుకు ముట్టలేదు.

ఎలక్ట్రీషియన్ గఫార్ సెన్సర్ మార్చి నిచ్చెన దిగాడు.

"కొత్తదీ అంతేనమ్మా. దానికి చీకటే కనబడట్లేదు, నేనేం చెయ్యను?"

ఒళ్లు మండి నేనే నిచ్చెనెక్కి సెన్సర్‌ను అరచేత్తో మూసేశాను. లైటు వెలిగింది.

"అత్తయ్యా, చుక్క పొడిచింది. ఇక తినండి!"

ఆవిడ లైటునీ నా చేతినీ చూసి, కంచం తెచ్చుకుని గుమ్మంలో కూర్చున్నారు.

"నా భోజనం అయ్యేదాకా ఆ చెయ్యి తియ్యకు."