రెండో సీటు బరువు

ఆ నోట్‌బుక్కు కంటబడిన రోజు నుంచి నళినికి అన్నం సయించడం లేదు.

అందులో రెండే రెండు లైన్లు. ఎడమ సీటు, ఎనభై రెండు కిలోలు. కుడి సీటు, నలభై ఎనిమిది కిలోలు.

ఎనభై రెండు ఎవరో తెలుసు. ఆమె భర్త ఉమాకాంత్. నారాయణగూడలో మోటార్ల వైండింగ్ షాపు. ఏ మనిషికైనా ఒక పిచ్చి ఉంటుంది. ఈయనది తన విమానం తానే తయారు చేసుకోవాలన్న పిచ్చి. అశోక్‌నగర్‌లో షెడ్డు కిరాయికి తీసుకుని తొమ్మిదేళ్లుగా అదే పని. రెక్కలయ్యాయి, తోక అయింది, చక్రాలయ్యాయి. ఇక ఇంజనూ, దాని ముందు గిర్రున తిరిగే ప్రొపెల్లరూ మిగిలాయి. ఏది కొనాలన్నది లోపల కూర్చునేవాళ్ల బరువును బట్టి తేల్చుకోవాలట. అందుకే ఆ లెక్క.

మరి ఈ నలభై ఎనిమిది ఎవరు?

నళిని బరువెంతో మనకు అనవసరం. నలభై ఎనిమిది మాత్రం కాదు. పైగా "ఆ రేకు డబ్బా నేను చచ్చినా ఎక్కను" అని ఆమె మొదటి రోజే తెగేసి చెప్పింది. కొడుకు సాయిచైతన్య ఆరడుగుల మనిషి. అత్తగారు పోయి నాలుగేళ్లయింది. ఇంట్లో ఆ బరువుకు సరిపోయే మనిషే లేదు.

అనుమానం ఒకసారి లోపలికి దూరాక ఇక అన్నీ సాక్ష్యాలే. మొన్న టిఫిన్ ఇవ్వడానికి షెడ్డుకు వెళ్తే కుడి సీటు మీద లేత గులాబీ రంగు దిండు కనిపించింది. ఎడమ సీటు మీద గోనెపట్టా! నిన్న బాల్కనీలో ఫోన్లో గుసగుసలు.

"లేదు సురేశ్, ఇంట్ల ఇంక చెప్పలే. ఫస్టు రౌండ్‌కు ఆమెనే కూసోవెట్టుకుంట. జర నోరు జారకు."

నళినిని చూడగానే గొంతు పెంచి వాటర్ ట్యాంకు సంగతి ఎత్తుకున్నాడు. ట్యాంకు కడిగించి వారం కూడా కాలేదు.

ఆదివారం ఆమె కూరల సంచీ పట్టుకుని ఆయన వెనకాలే చిక్కడపల్లి వెళ్లింది. సెంట్రల్ లైబ్రరీలో పోటీ పరీక్షల పిల్లల మధ్య ఉమాకాంత్ కూర్చున్నాడు. పక్కన కళ్లద్దాల అమ్మాయి. పుల్లలా ఉంది. ఇద్దరూ అదే నోట్‌బుక్కు మీదకు వంగి మాట్లాడుకుంటున్నారు. నళిని పుస్తకాల బీరువా చాటుకు జరిగింది.

ఆయన వెళ్లేదాకా ఆగి, ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లింది.

"నేను ఉమాకాంత్ గారి భార్యను. నీ పేరేంది బిడ్డా?"

"జ్యోత్స్న, ఆంటీ. గ్రూప్స్‌కు చదువుతున్న. మెకానికల్ చేసిన గద, అంకుల్ జర లెక్కలు చూడమంటడు."

"బాగ సన్నగున్నవు. ఎంతుంటవేంది బరువు?"

"నలభై మూడు ఆంటీ. హాస్టల్ తిండి!"

ఐదు కిలోలు తక్కువ. నళినికి ఊపిరి పీల్చుకోవాలనే అనిపించింది, కానీ పీల్చుకోలేకపోయింది. అంటే ఇంకెవరో ఉన్నారు!

"కుడి సీటు ఎవరిదని నేను గూడ అడిగిన ఆంటీ," అంది జ్యోత్స్న. "అంకుల్ నవ్వుకుంట పేజీ తిప్పేసిండు. గని ఆ అంకె తప్పయితే కష్టం. రేపు పొద్దుగాల లోయర్ ట్యాంక్ బండ్ల సురేశ్ అంకుల్ ఇంజన్ల షాపుల చిన్న ఇంజను తీసుకుంటున్నడు గద. బరువు ఎక్కువైతే రన్‌వే అయిపోతది గని విమానం లేవది."

నవ్వుకున్నాడట. నళినికి ఒళ్లు మండిపోయింది. తర్వాత ఏడుపొచ్చింది. ఆ రెండింటితోనే సోమవారం తెల్లవారింది.

లోయర్ ట్యాంక్ బండ్‌లో సురేశ్ షాపు ముందు ఆమె ఆటో దిగేసరికి బేరం ఆఖరికొచ్చింది. స్టాండ్ల మీద రెండు ఇంజన్లు. చిన్నదానికి రెండు రెక్కల చెక్క ప్రొపెల్లరు, పెద్దదానికి మూడు రెక్కలది.

"అన్నా, మళ్ల వాపస్ తీసుకోను," అంటున్నాడు సురేశ్. "కుడి సీటు నలభై ఎనిమిదేనా? పక్కానా?"

"పక్కా. చిన్నదే ప్యాక్ చెయ్యి."

"ఆగుండ్రి!" అంది నళిని.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. వదినను సురేశ్ చూడడం అదే మొదటిసారి. ఆమెనొకసారి, చిన్న ఇంజనునొకసారి చూసి గుటక మింగాడు.

"ఆ నలభై ఎనిమిది ఎవరో ఇప్పుడే చెప్పుండ్రి. చెప్తే ఇంటికొస్త. లేకుంటె ఇటునుంచి ఇటే విద్యానగర్, మా అన్న ఇంటికి పోత. మళ్ల రాను."

"నళినీ, ఇక్కడ గాదు..."

"ఇక్కడనే!"

ఉమాకాంత్ ముఖం కందిపోయింది. దొరికిపోయిన మనిషి ముఖం ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. నెమ్మదిగా పర్సు తీసి, లోపలి అరలో రెండు వేళ్లు పెట్టాడు. ఫోటో తీస్తాడని ఆమెకు తెలిసిపోయింది. చూడకూడదనుకుంది, అయినా చూసింది.

ఫోటో కాదు. చిన్న అట్టముక్క. అంచులు అరిగిపోయి, రంగు వెలిసిపోయి ఉంది. దాని మీద అచ్చులో నలభై ఎనిమిది. ఉమాకాంత్ దాన్ని ఆమె అరచేతిలో పెట్టాడు.

"మన పెళ్లయిన వారానికి కాచిగూడ స్టేషన్ల బరువు మిషన్ ఎక్కితే నీకొచ్చిన టికెట్ ఇది నళినీ, ఇరవై ఎనిమిదేండ్ల సంది బతిమిలాడినా నువ్వు మళ్ల మిషన్ ఎక్కకపోతివి, ఇంకేం రాసుకోవాలె నేను?"