మూడు వేర్వేరు నోళ్ళు

ట్యాంకు అడుగున ఉన్న వాల్వు మీద చెయ్యి వేసి, రుజువు మాస్టారు తనతో తానే వాదించుకుంటున్నారు.

విప్పితే, వరదలో ఇళ్ళు మునిగి ఈ బడిలో తలదాచుకున్న జనానికి తాగునీరు ఉండదు. విప్పకపోతే, వాళ్ళు విషం తాగుతారు.

మాస్టారు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు. ఇప్పుడు ఈ క్యాంపులోనే సహాయ కార్యకర్తలకు శిక్షణ ఇస్తున్నారు. విపత్తు వేళ అంటురోగాలను ఎలా ఆపాలి, నీటిని ఎలా కాపాడాలి, అన్నిటికన్నా ముఖ్యంగా పుకార్లను ఎలా పసిగట్టాలి అన్నవి ఆయన పాఠాలు. వాన పడుతోందని ఎవరైనా అంటే, కిటికీలోంచి చెయ్యి చాపి తడి చూసుకుంటే గాని గొడుగు తియ్యని మనిషి. అందుకే అందరూ ఆయన్ను రుజువు మాస్టారంటారు. తాను దేన్నీ గుడ్డిగా నమ్మనని ఆయనకు గట్టి నమ్మకం. ఆ ఒక్క నమ్మకానికి మాత్రం ఆయన ఏనాడూ రుజువు అడగలేదు.

పొద్దున్నే ముందుగా నర్సమ్మ వచ్చింది.

"మాస్టారూ, ట్యాంకులో ఎవరో పురుగుమందు కలిపారట. ఆ నీళ్ళు ముట్టిన జంతువు అక్కడికక్కడే చచ్చిందట!"

"మీరు చూశారా?"

"నేనెక్కడ చూస్తానండీ, మందులు పంచుతుంటేనూ!"

"అయితే అది వార్త కాదమ్మా, పుకారు" అని మాస్టారు చిరునవ్వు నవ్వి పంపించేశారు. సర్వీసంతా కూడబెట్టుకున్న ఆస్తి ఆ చిరునవ్వు.

తరువాత అంబులెన్సు డ్రైవరు వచ్చాడు.

"పురుగుమందేనండీ. కుక్కో మేకో, నురగలు కక్కి పోయిందంట. ఎవరికీ తెలీకుండా పూడ్చేశారంట కూడా."

చిరునవ్వు కాస్త సన్నబడింది. నర్సమ్మకూ డ్రైవరుకూ మాటల్లేవు. స్ట్రెచరు ఎవరు కడగాలన్న తగువులో ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశారు. కనుక ఒకరి మాట మరొకరి చెవిన పడే వీలు లేదు. అంటే ఇవి రెండు స్వతంత్ర సాక్ష్యాలు. మూడోది కూడా కలిస్తే ఇక కదలక తప్పదని ఆయనే పాఠంలో చెబుతారు.

మూడోది ఫోన్లో వచ్చింది. టౌన్లో, ఇంటి దగ్గరున్న భార్య.

"ఏమండీ, మీ క్యాంపు నీళ్ళలో విషం కలిపారటగా! మీరు తాగలేదు కదా?"

"నీకెవరు చెప్పారు?"

"పక్కింటావిడ. ఇంకా ఎవరు, ఎక్కడ, రుజువేదీ అంటూ కూర్చోకండి. ముందు ఆ నీళ్ళు మానెయ్యండి, రుజువు తరవాత వెతుక్కుందురుగాని."

శాస్త్రం చదివిన మనిషి కనుక, పరీక్షించకుండా ఉండలేకపోయారు. క్యాంపులో ఉన్న నీటి పరీక్ష కిట్టు క్లోరిన్‌ను కొలుస్తుంది తప్ప పురుగుమందును పట్టదు. గ్లాసుతో నీళ్ళు తీసి వాసన చూశారు. ఏదో తేడాగా అనిపించింది. మళ్ళీ చూశారు. తేడా పెరిగింది. అది తన చేతి సబ్బు వాసన కావచ్చునని తట్టలేదు.

ఆయన వాల్వు మీద చెయ్యి వెయ్యడం చూసి క్యాంపు ఇన్‌చార్జి పరుగున వచ్చింది.

"ఖాయమేనా మాస్టారూ? నీళ్ళ ట్యాంకరు సాయంత్రానికి గాని రాదు. ఈలోపు జనం కాలువ మీద పడ్డారంటే, రేపటికి క్యాంపంతా విరేచనాలే."

"మూడు వేర్వేరు నోళ్ళమ్మా. ఒకదానికొకటి సంబంధం లేదు. ఇంతకన్నా రుజువేం కావాలి?"

"మీరే అంటున్నారంటే ఇంకేముంది, కానివ్వండి. మీరు ఊరికే అనరు కదా."

వాల్వు తిరిగింది. నీళ్ళు భళ్ళున దూకి బురదలో కలిసిపోయాయి. బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు.

"ఇప్పుడే చెంబెడు తాగాను కదా నాయనా, నాకేమీ కాలేదే!" అంది ఒక ముసలావిడ.

"ఒక్క మనిషి అనుభవం రుజువు కాదమ్మా" అన్నారు మాస్టారు.

ఆ మధ్యాహ్నమంతా ఆయన కాలువ దారికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డారు. దాహంతో పిల్లలు ఏడ్చారు. పెద్దవాళ్ళు తిట్టారు. ఆయన గొంతు కూడా ఎండిపోయింది. ట్యాంకరు హారన్ వినిపించాకే ఆయన చేతులు కిందికి దిగాయి. ఒక క్యాంపును కాపాడిన మనిషికి దక్కవలసిన అలసటతో, సాయంత్రం క్లాసులోకి నడిచారు.

శిక్షణకు వచ్చినవాళ్ళంతా లేచి చప్పట్లు కొట్టారు.

"నాదేముంది, కర్తవ్యం" అని ఆయన వినయంగా చెయ్యి ఎత్తారు.

ముందు బెంచీలోంచి టీచరమ్మ లేచింది. ముఖం వెలిగిపోతోంది.

"చప్పట్లలో మాకూ వాటా ఇవ్వాలి మాస్టారూ! మీరిచ్చిన హోంవర్కు ఇంత బాగా పండుతుందనుకోలేదు. ఏకంగా ట్యాంకు ఖాళీ చేయించేదాకా తీసుకెళ్ళి చూపించారు చూడండీ, పాఠమంటే అదీ!"

"ఏం హోంవర్కమ్మా?"

పుకారు ఒక్క రోజులో ఎంతకు పెరుగుతుందో చూద్దామంటూ, నిన్న సాయంత్రం ఇదే బెంచీ దగ్గర నిలబడి, క్యాంపులో వదిలి రమ్మని ఆయనే స్వయంగా చెప్పి పంపిన మాటను టీచరమ్మ నల్లబల్ల మీద గుండ్రంగా రాసింది: "ట్యాంకు మూత మీద పిల్లి పడుకుంది."