ఓవెన్ మీద ఇ-3

ఓవెన్ మీద ఎర్రగా ఇ-3 అని వెలిగింది. ఆపి మళ్లీ వేసినా అదే.

అనూరాధకి ఏడుపొక్కటే తక్కువ.

సాయంత్రం రిసెప్షన్‌కి మూడంతస్తుల కేకు ఇవ్వాలి. పెద్ద ఆపరేషనయ్యాక ఉద్యోగం మానేసి, ఇంట్లోనే మొదలెట్టిన వ్యాపారం. ఇంత పెద్ద ఆర్డరు రావడం ఇదే మొదలు. ఇది కాస్తా చెడిందంటే విజయనగరంలో మరెవరూ ఆమె గుమ్మం తొక్కరు.

అసలు దీనికేం రోగం? పొద్దున్నేగా ఓవెన్‌కి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు దాని నెత్తిన చిలకరించింది.

కంపెనీకి ఫోన్ చేస్తే మెకానిక్కుని పంపుతామన్నారు. కాసేపటికి గేటు చప్పుడైంది. నల్లగా, బక్కగా, చేతిలో సంచితో ఓ పెద్దాయన. అనూరాధమ్మగారిల్లు ఇదేనా అని అడిగాడు.

ఇప్పుడా రావడమని విసుక్కుంటూ వంటింట్లోకి తీసుకెళ్లిందామె. అతనేదో చెప్పబోతే చెప్పనిస్తేగా. మనిషి దగ్గర చేపల వాసన. పైగా ఓవెన్ వంక చూడడు, ఆమె వంకే చూస్తాడు.

"నిలబడిపోయావేటి? సూడు దాన్ని."

"ఇయ్యన్నీ నాకు తెలవ్వమ్మా. నేనొచ్చింది..."

"తెలీకపోతే ఎందుకొచ్చావు మరి?"

కోపానికి ఆయాసం వచ్చి, గుండెల మీద చెయ్యి వేసుకుంది. అతని చూపు ఆ చేతి దగ్గరే ఆగిపోయింది. రెప్ప కూడా వెయ్యడే.

ఆమెకి ఒళ్లు మండిపోయింది. చున్నీ సర్దుకుంది.

"ఎక్కడ సూస్తన్నావు? సిగ్గు లేదూ? పిల్లల్లేరేటి నీకు?"

"ఓ కొడుకుండీవోడమ్మా."

"ఆడికీ ఇదే నేర్పావా?"

అతను చేతులు జోడించాడు. ఆ సంచి లాక్కుని, గుమ్మంలోకొచ్చి వీధిలోకి విసిరేసిందామె. అందులో పనిముట్లు లేవు, ఎండు రొయ్యలున్నాయి. వీడు మెకానిక్కే కాదని అప్పుడు తేలిపోయింది.

నలుగురూ పోగయ్యారు. అందరికీ వినపడేలా చెప్పింది, ఆడవాళ్లని ఎలా చూస్తున్నాడో. ఎదురింటాయన మెడ పట్టి గెంటాడు. కింద పడ్డ రొయ్యలైనా ఏరుకోకుండా తల దించుకుని వెళ్లిపోయాడు పెద్దాయన. పీడ విరగడైందనుకుంది అనూరాధ.

తర్వాత అసలు మెకానిక్కు వచ్చాడు. కొబ్బరినీళ్లు మీటల వెనక్కి దిగిపోయాయని చెప్పి, ఆమె జుట్టారబెట్టుకునే డ్రయ్యరు అడిగి తీసుకుని తడంతా ఆరబెట్టాడు. ఇ-3 పోయింది. కేకు చక్కగా పొంగింది. ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

అప్పుడే భర్త ఉమాశంకర్ ఫోన్ చేశాడు. పొద్దుటి సంగతంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది, బాగా బుద్ధి చెప్పి పంపానంది.

ఉమాశంకర్ ఒక్కటే అడిగాడు.

"పేరడిగావా?"

"అలాంటోడికి పేరేటి?"

"కూర్మయ్య. భోగాపురం నుంచి నేనే రమ్మన్నాను. ముందే సెప్తే కంగారు పడతావని నీకు సెప్పలేదు. నీలో కొట్టుకుంటన్న గుండె ఆళ్ల కొడుకుదే అనూ, ఒక్కసారి ఆ సప్పుడు ఇని ఎల్లిపోతానన్నాడు."