హోటల్ వరకే

"కాయితం కోర్టుకు పోయినా నిలవాలె, సార్. గాయన మల్ల నా కౌంటర్ల కూసోవద్దు," అంది శైలజ.

షాద్‌నగర్ బైపాస్ మీద ఆమెకో బిర్యానీ హోటల్ ఉంది. మేనేజర్‌ని తప్పించకపోతే దసరాలోపు షట్టర్ దించాల్సిందే. అచ్చంపేట వైపు నుంచి ఎవరొచ్చినా ఆ మేనేజర్‌కి చుట్టమే. చుట్టాన్ని బిల్లు అడగడం ఆయనకు ఇంటా వంటా లేదు.

లాయర్ వెంకటేశ్ లాప్‌టాప్ తెరిచాడు. ఇలాంటి ఒప్పందమే పోయిన ఏడాది ఒకటి రాస్తే లేబర్ కోర్టులో నవ్వులపాలైంది. ఈసారి చాలా జాగ్రత్తగా ఉన్నాడు.

"మేనేజర్ పేరు?"

శైలజ పక్కనున్న వంట మాస్టర్ యాదయ్య వైపు చూసింది.

"గిరి, సార్," అన్నాడు యాదయ్య నేల చూపులు చూస్తూ.

పేరెత్తడానికి కూడా మనసొప్పనంత కోపం! వెంకటేశ్‌కి ఆ గిరి మీద జాలేసింది. మూడు నెలల జీతం, గ్రాట్యుటీ, అనుభవ పత్రం అన్నీ ఇవ్వాలన్నాడు.

"ఇద్దాం సార్. పైసలు యాడికి పోతయి," అంది శైలజ.

ఎంత కోపమున్నా మనసు పెద్దదే అనుకున్నాడు.

"రెండేండ్లు ఇంకో హోటల్ పెట్టొద్దని రాయుండ్రి."

"అది కోర్టుల నిలువది, మేడమ్. మానేసినంక ఎవరి బతుకుదెరువు వాళ్లది."

"అయితే మా హోటల్ల అడుగు పెట్టొద్దని రాయుండ్రి."

"తినడానికొస్తే ఎట్ల ఆపుతం?"

"పైసలిచ్చి తింటడా? గది గూడ చూస్త!"

చివరి పేరా చదివి వినిపించాడు. 'ఇకపై ఉభయుల మధ్య ఎలాంటి సంబంధమూ ఉండదు.'

శైలజ గతుక్కుమంది. "గట్ల రాయొద్దు సార్. హోటల్ వరకే అని రాయుండ్రి."

ఈమెకు తనకన్నా ఎక్కువ లా తెలుసేమోనని వెంకటేశ్‌కి అనుమానమొచ్చింది. దిద్దాడు.

మర్నాడు గిరి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఎందుకైనా మంచిదని వెంకటేశ్ పేపర్‌వెయిట్‌ని డ్రాయర్లో దాచాడు. గిరి ప్రతి పేజీ చదివాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"హోటల్ తెరిచిన నాడు మొదటి పొయ్యి ముట్టిచ్చింది నేనే," అన్నాడు.

శైలజ కిటికీ వైపు తిరిగింది. "షట్టర్ బతకాలె గద," అంది మెల్లగా.

గిరి సంతకం పెట్టి, గల్లాపెట్టె తాళంచెవి బల్ల మీద ఉంచాడు. యాదయ్య సాక్షి సంతకం చేసి, మంచినీళ్లు కూడా తాగకుండా బయటికి పోయాడు.

గొడవ లేకుండా గండం గడిచిందని వెంకటేశ్ ఊపిరి పీల్చుకున్నాడు. ఒక కాపీ శైలజకు, ఒకటి గిరికి ఇచ్చాడు.

గిరి కాపీ మడిచి జేబులో పెట్టుకుని శైలజను అడిగాడు: "ఇగ నాకు పనేం లేదు గద, సాయంత్రం మన బిడ్డను బడికాడికెళ్లి తోల్కొచ్చుడు నాదేనా?"