థాంక్యూ చెప్పని మనిషి

"గుడ్ మార్నింగ్" అన్నాడు ఏమోస్ ట్రీవ్.

అంతే. థాంక్యూ అనలేదు.

ఎదురుగా వస్తున్న కర్నల్ డెన్‌హమ్ ఒక్క క్షణం ఆగి, మొహం చిట్లించుకుని ముందుకు కదిలాడు. ఆ చిట్టడవి ఆయనది. అందులో కాలిబాట మీద ఆయన ఎదురైతే ఊళ్ళో ఎవరైనా సరే టోపీ ఎత్తి "థాంక్యూ, కర్నల్" అనాల్సిందే. అలా అనాలని ఆయన ఎప్పుడూ అడగలేదు. ఊరికే అదొక అలవాటు.

వెనకే వస్తున్న మ్యూరియెల్ హాస్కెట్‌కి తల కొట్టేసినట్టయింది.

"థాంక్యూ కర్నల్! ఈ ఏడు బ్లూబెల్ పూలు ఎంత బాగా పూశాయో!" అంటూ ఇద్దరి వంతూ తనే నవ్వేసింది. కర్నల్ మలుపు తిరగ్గానే ముసలి ట్రీవ్‌ని పట్టుకుంది.

"ఏమండీ ట్రీవ్‌గారూ, ఒక్క థాంక్యూ అంటే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

"దేనికమ్మా థాంక్యూ?"

"వాళ్ళ అడవిలో నడవనిస్తున్నందుకు!"

"నేను బాట మీద నడిచాను. సరేగానీ, మీరెన్నేళ్ళుగా నడుస్తున్నారు?"

"ఇరవై ఆరేళ్ళు."

"మొదటిరోజు కర్నల్‌ని అడిగే వచ్చారా?"

"అడగడమేమిటి? అందరూ వస్తున్నారు, నేనూ వచ్చాను."

"రోజూ ఆ ఓక్ చెట్టు దగ్గరే కూచుంటారెందుకు?"

మ్యూరియెల్ గొంతు కాస్త తగ్గింది. "మా ఆయన రోలండ్ బూడిద అక్కడే చల్లాను."

ముసలాయన తలూపి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. ఆవిడకి ఒళ్ళు మండింది.

ఆయన ఊరికి కొత్త. ఏడాది కిందట వచ్చి బేకరీ వెనక గదిలో అద్దెకి దిగాడు. కనబడిన ప్రతివాళ్ళనీ ఇవే ప్రశ్నలు. ఎన్నేళ్ళుగా నడుస్తున్నారు? ఎవరినైనా అడిగారా? ఎవరైనా ఆపారా? పబ్బులో ఆయనకి 'జనాభా లెక్కలాయన' అని పేరు పెట్టారు.

"ఇవాళ ఎన్ని తలకాయలు రాశావు, లెక్కలాయనా?"

"ముప్ఫై ఎనిమిది. ఇంకో ముగ్గురున్నారు."

"కుక్కల్ని కూడా రాసుకో. అవి మాకంటే ఎక్కువ తిరుగుతాయి!"

ఆయనా నవ్వేవాడు.

ఆ సాయంత్రం మ్యూరియెల్‌కి కాలు నిలవలేదు. కర్నల్ మనసు విరిగి గేటు మూసేస్తే? రోలండ్ దగ్గరికి ఎలా వెళ్ళడం? ఆవిడ కలం తీసింది.

'ఇన్నేళ్ళుగా తమరి దయతో, తమరి అనుమతితోనే మేము ఆ బాట మీద నడుస్తున్నాము. ఆ మనిషి మా ఊరివాడు కాడు. అతని మొరటుతనాన్ని మన్నించగలరు.'

ఇల్లిల్లూ తిరిగి నలభై ఒక్క సంతకాలు పెట్టించింది. అందరికీ అది ఎంతో మర్యాదగా తోచింది. వారం తిరక్కుండా కర్నల్ ఇంటి నుంచి ఒక్కో ఇంటికీ ఒక్కో సీసా ప్లమ్ జామ్ వచ్చింది.

మర్నాడు పొద్దున్నే ట్రీవ్ తలుపు కొట్టాడు.

"ఏదో ఉత్తరం రాశారట. పంపేశారా?"

"జామ్ కూడా వచ్చింది" అంది మ్యూరియెల్ గర్వంగా.

ఆయన చేతులు జోడించాడు. "వెనక్కి తీసుకోండమ్మా, మీకు దణ్ణం పెడతాను. అనుమతి అన్న మాట ఒక్కసారి కాగితం మీద పడిందంటే..."

"మీ దగ్గర మర్యాద నేర్చుకునే గతి మాకింకా పట్టలేదు" అని ఆవిడ తలుపు వేసేసింది.

ఆ తర్వాత ఆయన గుడ్ మార్నింగ్‌కి బదులిచ్చినవాళ్ళు లేరు. పబ్బులో ఆయన కూచుంటే పక్క బల్లలు ఖాళీ అయ్యేవి. ఆకులు రాలేవేళకి గది ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. మళ్ళీ పూలు పూసేలోగా, ఎక్కడో ఆస్పత్రిలో పోయాడని కబురొచ్చింది.

"పోన్లే, పైన దేవుడికైనా థాంక్యూ చెప్తాడేమో" అన్నారెవరో. అందరూ నవ్వారు. మ్యూరియెల్ కూడా నవ్వింది.

రెండేళ్ళకి కర్నల్ పోయాడు. మేనల్లుడు దిగాడు. పదిరోజుల్లో చుట్టూ కంచె, గేటుకి తాళం, 'ప్రవేశం లేదు' అని బోర్డు. కంచె అవతల పూలు మామూలుగానే పూశాయి. మ్యూరియెల్ కంచె తీగ పట్టుకుని నిలబడి చూసింది. ఓక్ చెట్టు అక్కణ్ణించి కనబడదు.

ఊరంతా తరలి జిల్లా ఆఫీసుకి వెళ్ళింది. అక్కడి అమ్మాయి ఓపిగ్గా చెప్పింది.

"ఎవరినీ అడగకుండా, ఎవరూ ఆపకుండా జనం ఇరవై ఏళ్ళు నడిస్తే అది జనం బాట. ఎవరూ మూయలేరు."

"మేం నడిచాం! ఇరవై ఏళ్ళు దాటింది! ఏ ఒక్కరం ఏనాడూ అడగలేదు!" అంది మ్యూరియెల్.

ఆ అమ్మాయి బీరువాలోంచి ఒక ఫైలు తెచ్చి, అందులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. మ్యూరియెల్ చేతిరాత. కింద నలభై ఒక్క సంతకాలు.

"అనుమతితోనే నడిచామని మీరే రాశారు కదండీ. అలా నడిచిన నడక లెక్కలోకి రాదు."

"మేం వచ్చిందే ఇవాళ. ఈ ఉత్తరం మీ దగ్గరికెలా వచ్చింది?"

"కర్నల్‌గారి లాయరు ఇచ్చారు. ఆ బాటని మీకు ఇప్పించమని మూడేళ్ళ కిందటే ఒక దరఖాస్తు వచ్చింది. ఈ ఉత్తరం చూపించేసరికి కొట్టేశారు."

"ఎవరు పెట్టారు?"

ఆ అమ్మాయి పేజీ తిప్పింది.

చిన్న పుస్తకంలోంచి చించిన కాగితాల మీద నలభై ఒక్క పేర్లున్నాయి, అన్నిటికంటే పైన 'మ్యూరియెల్ హాస్కెట్, ఇరవై ఆరేళ్ళు, ఎవరినీ అడగలేదు, భర్త ఓక్ చెట్టు కింద ఉన్నాడు, ఈవిడ కోసమైనా ఈ బాట మూతపడకూడదు' అని ఉంది, అన్నిటికంటే అడుగున ఏమోస్ ట్రీవ్ సంతకం ఉంది.